చెరిపిన ఫైలు జాడ

లెక్కల పుస్తకము వ్రాయువారికి ఒక కట్టుబాటు కలదు. తప్పు పడిన అంకెను గీకివేయరాదు. దానిపై ఒక గీత గీచి, ప్రక్కన సరియైన అంకె వేసి, దిద్దినవారు చేవ్రాలు చేయవలెను. క్రొత్త అంకె ఎంత అవసరమో, కొట్టివేసిన పాత అంకెయు అంత అవసరమే. ఎవరు దిద్దిరి, ఎప్పుడు దిద్దిరి, ఏమున్నదానిని ఏమని మార్చిరి అను మూడు ప్రశ్నలకును ఆ పుటయే సమాధానము చెప్పవలెను. గీకిన మచ్చ కనబడినచో లెక్క మొత్తముమీదనే అనుమానము కలుగును.

కంప్యూటరు వచ్చిన పిదప ఈ కట్టుబాటును పాటించుట కష్టమైనది. తెరమీద అక్షరమును చెరిపినచో గీత మిగులదు; మచ్చయు మిగులదు. ఫైలును తొలగించినచో దాని పేరుకూడ కనబడదు. నేడు బ్యాంకు వడ్డీ మొదలుకొని రైలు టిక్కెట్టు వరకు, కరెంటు బిల్లు మొదలుకొని ఆసుపత్రి చీటీ వరకు అనేక వ్యవహారములు ప్రోగ్రాములమీద నడచుచున్నవి. ప్రోగ్రాము అనగా కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా నిర్దేశించు వ్రాత. పెద్ద ప్రోగ్రాము వేలకొలది ఫైళ్లలో ఉండును. దానిని పదుగురు, నూర్గురు, ఒక్కొక్కప్పుడు వేలమంది కలిసి వ్రాయుదురు, ప్రతిదినమును దిద్దుచుందురు. మన యిండ్ల పిల్లలు హైదరాబాదులోను, బెంగుళూరులోను, సముద్రముల కావలను చేయుచున్న కొలువులలో ఈ పని యొక పెద్ద భాగము.

ఇందరు దిద్దుచున్నచోట, తొలగించిన ఫైలు ఒకటి ఎప్పుడు పోయినది, ఎవరు తీసిరి, అంతకుముందు అందేమి యుండెను అని తెలిసికొనుట సాధ్యమా? సాధ్యమే. కాని యంత్రమును ఎట్లు అడుగవలెనో తెలిసినవారికే అది చెప్పును. తెలియక అడిగినవారికి మౌనమే సమాధానముగా లభించును. ఆ మౌనమును విని, ‘అట్టిది ఏదియు జరుగలేదు’ అని వారు నిశ్చయించుకొందురు. ఆ నిశ్చయము ఎంత తప్పు కాగలదో, దానివలన ఎవరికి అన్యాయము జరుగునో ఇచ్చట విచారింతము.

నమోదు పద్ధతుల పుట్టుక

ప్రోగ్రాముల మార్పులను చిట్టాగా నిలుపు సాధనములు పుట్టి అర్ధశతాబ్దము దాటినది. 1972 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు మార్క్ రోచ్‌కైండ్ ‘ఎస్.సి.సి.ఎస్.’ అను సాధనమును నిర్మించెను. 1982 లో పర్డ్యూ విశ్వవిద్యాలయమునుండి వాల్టర్ టిచీ ‘ఆర్.సి.ఎస్.’ను వెలువరించెను. 1986 లో నెదర్లాండ్సు దేశమున డిక్ గ్రూన్ ‘సి.వి.ఎస్.’కు శ్రీకారము చుట్టెను. వీనిలో మొదటి రెండును ఒక్కొక్క ఫైలునకు ఒక్కొక్క చిట్టాను వేరుగా ఉంచెడివి.

నేడు మిక్కిలి విరివిగా వాడుకలో నున్న సాధనము ‘గిట్’. అది అవసరమునుండి పుట్టినది. లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ అను వ్యవస్థకు ప్రపంచమందంతటను పనివారు కలరు. వారు 2002 నుండి ‘బిట్‌కీపర్’ అను సాధనమును ఉచితముగా వాడుచుండిరి. 2005 లో ఆ ఉచితపు అనుమతి ముగిసినది. ఆ యేప్రిల్ మాసారంభమున టోర్వాల్డ్స్ తానే ఒక క్రొత్త సాధనమును వ్రాయ మొదలిడెను. ఏప్రిల్ 7 నాటికి గిట్ తన చిట్టాను తానే వ్రాసికొను స్థితికి వచ్చినది. ఆ సంవత్సరము జూలైలో దాని నిర్వహణభారమును జూనియో హమానో స్వీకరించెను.

లేమికి గుర్తు లేదు

గిట్ ఎట్లు పనిచేయునో కొంచెము తెలిసినగాని చెరిపిన ఫైలు సంగతి బోధపడదు. ఫైలులోని వ్రాతనుండి అది గణితముచే ఒక గుర్తును తీయును. సాధారణముగా ఆ గుర్తు 40 అక్షరములది. వ్రాతలో ఒక్క చుక్క మారినను గుర్తు మొత్తము మారిపోవును. వ్రాత ఒకటే యైనచో గుర్తును ఒకటే. మనిషికి వ్రేలిముద్ర ఎట్టిదో వ్రాతకు ఈ గుర్తు అట్టిది. ఏ పేరుగల ఫైలునకు ఏ గుర్తుగల వ్రాత చెందునో తెలుపు పట్టిక వేరుగా ఉండును.

పనివాడు తన మార్పులను నిలుపదలచినప్పుడు గిట్ ఆనాటి పట్టికను, చేసినవాని పేరును, కాలమును, కారణము తెలుపు మాటలను కలిపి ఒక నమోదు చేయును. ఈ నమోదునే పనివారు ‘కమిట్’ అందురు. ప్రతి నమోదును తనకు ముందటి నమోదు గుర్తును తనయందు ధరించియుండును. ఆ ముందటిదానిని మనము తల్లి నమోదు అని పిలుతము. ఇట్లు తల్లినుండి తల్లికి వెనుకకు పోయినచో మొట్టమొదటి నమోదువరకు చేరవచ్చును.

ఇక తొలగింపు మాట. ఒక ఫైలును తొలగించి నమోదు చేసినప్పుడు, ‘ఈ ఫైలు తీసివేయబడినది’ అని గిట్ తన భాండారములో ఎచ్చటను వ్రాసికొనదు. క్రొత్త పట్టికలో ఆ పేరు ఉండదు, అంతియే. ఓటర్ల జాబితాను తలచుకొనుడు. నిరుటి జాబితాలో ఒక పేరున్నది. ఈ యేటి జాబితాలో లేదు. ఈ యేటి జాబితాను మాత్రమే చదివినవారికి అట్టి పేరొకటి ఉండెనని యైనను తెలియదు. రెండు జాబితాలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికే పేరు పోయిన సంగతి తెలియును. అట్లే గిట్‌లో తొలగింపును ఎప్పటికప్పుడు పోల్చియే తెలిసికొనవలెను. ఏ పట్టికను ఏ పట్టికతో పోల్చితిమి అనుదానిపైననే సమాధానము ఆధారపడియుండును. చిక్కు అంతయు ఇచ్చటనే ఉన్నది.

ఫైలులోని పాత వ్రాత మాత్రము ఆ తొలగింపువలన నశింపదు. పాత పట్టికలును, అవి చూపు వ్రాతలును భాండారమున అట్లే నిలిచియుండును. కావున మన ప్రశ్న వ్రాత ఉన్నదా లేదా అనునది కాదు. దానివద్దకు దారి ఏది యనునదే.

లంక చుట్టు రెండు పాయలు

నమోదులన్నియు ఒకే వరుసలో ఉన్నచో దారి వెదకుట సులభము. కాని పలువురు పనిచేయుచోట వరుస ఒకటిగా ఉండదు. ఒకరు ఒక తప్పును దిద్దుచుండగా, వేరొకరు క్రొత్త సౌకర్యమును చేర్చుచుందురు. ఒకరి పని యొకరికి అడ్డు రాకుండుటకై ఎవరి శాఖలో వారు నమోదులు చేసికొని, పని ముగిసినపిదప శాఖలను కలుపుదురు. గోదావరిలో లంక చుట్టును నీరు రెండు పాయలుగా చీలి, లంక దాటినపిదప మరల కలియునట్లు ఇదియు జరుగును. కలిసినచోటి నమోదును సంగమమందము. సామాన్యమైన నమోదునకు తల్లి యొకటియే. సంగమమునకు రెండు గాని, అంతకు మించి గాని తల్లులుండును. లినక్స్ చిట్టాలో 2014 లో 66 తల్లులు గల సంగమము ఒకటి నమోదైనది.

రెండు శాఖలను కలుపునప్పుడు గిట్ మూడు పట్టికలను చూచును: చీలినచోటి పట్టిక, ఈ పాయ పట్టిక, ఆ పాయ పట్టిక. ఒక ఫైలు ఒక పాయలో మారి రెండవ పాయలో మారనిచో, మారిన రూపమే నిలుచును. తొలగింపునకును ఇదియే సూత్రము. ఒక పాయలో తొలగింపబడి, రెండవ పాయలో ఎవరును ముట్టనిచో, సంగమమున ఆ ఫైలు ఉండదు; దీనికై గిట్ ఎవరినీ అడుగదు. ఒక పాయలో తొలగింపబడి, రెండవ పాయలో దిద్దబడినయెడల మాత్రము గిట్ ఆగి, ఉంచవలెనా తీయవలెనా అని మనిషి నిర్ణయమును కోరును. ఆ మనిషి ఏ నిర్ణయము చేసినను అది సంగమపు పట్టికలోనికి పోవును.

ఇప్పుడు ‘గిట్ లాగ్’ అను ఆజ్ఞతో ఒక ఫైలు చరిత్రను అడిగితిమనుకొందము. గిట్ నేటి స్థితినుండి ఎగువకు పోవును. దారిలో సంగమము తగిలినప్పుడు, ఆ ఫైలు విషయమున సంగమము ఏ తల్లితో సరిపోవుచున్నదో చూచును. ఒక తల్లితో సరిపోయినచో ఆ పాయవెంటనే పోవును. రెండవ పాయవైపు తిరిగి చూడదు. దీని వెనుక నున్న తలంపు మంచిదే. ఫైలు నేటి రూపమునకు ఎట్లు వచ్చినదో తెలుపుటకు అవసరమైన నమోదులు మాత్రమే చాలును. ఏ మార్పులు నేటి రూపములో మిగిలియుండలేదో, వానిని చూపి అడిగినవారికి తికమక కలిగించుట యెందులకని దాని ఉద్దేశము. వేలకొలది శాఖలు కలిసిన పెద్ద పనిలో ఈ సంక్షేపము ఎంతో సమయమును ఆదా చేయును.

ఉన్న ఫైలునకు ఈ పద్ధతి మేలు. లేని ఫైలునకు అదియే చిక్కు. సంగమమున ఫైలు లేదు. ఒక పాయలోకూడ లేదు. లేమితో లేమి సరిపోయినది. గిట్ ఆ పాయవెంటనే ఎగువకు సాగిపోవును. ఫైలు పుట్టి, పెరిగి, దిద్దబడిన రెండవ పాయ దాని చూపులోనికే రాదు. ఫైలు ప్రధానశాఖలో ఎన్నడును లేక, ఒక ప్రక్కశాఖలోనే పుట్టి అందులోనే తొలగింపబడినదైనచో, మామూలు ప్రశ్నకు ఒక్క నమోదైనను కనబడదు. నిజముగా అందు పది నమోదులుండవచ్చును.

ఒక దినపు వడ్డీ

దీనివలన ఎవరికేమి నష్టము అని అడుగవచ్చును. ఒక ఉదాహరణమును కల్పించి చూతము. ఒక సహకార సంఘమువారు తమ సభ్యుల రుణములపై వడ్డీ కట్టుటకు ఒక ప్రోగ్రామును వాడుచున్నారనుకొందము. అందు దినములను లెక్కించు చిన్న ఫైలొకటి కలదు. లీపు సంవత్సరమునకు 366 దినములని గ్రహింపక, ఆ ఫైలు ఎప్పుడును 365 చేతనే భాగించుచున్నది. దానివలన లీపు సంవత్సరమున సభ్యులపై ఒక దినపు వడ్డీ అధికముగా పడుచున్నది. పనివారిలో ఒక యువతి దీనిని కనిపెట్టి, తన శాఖలో తప్పు దిద్ది, కారణము వివరముగా వ్రాసి నమోదు చేసినది.

ఆ వారములోనే ప్రధానశాఖలో వేరొక ఉద్యోగి ఇంటిని సర్దినట్లు ఫైళ్లను సర్దుచున్నాడు. చిన్న ఫైలులోని లెక్కను, పాత తప్పుతో సహా, అంతకుముందే యున్న ఒక పెద్ద ఫైలులోనికి ఎత్తి వ్రాసి, చిన్నదానిని తొలగించినాడు. అతడును తప్పు పని చేయలేదు. అతనికి యువతి దిద్దుబాటు తెలియదు. పిమ్మట రెండు శాఖలను కలుపునప్పుడు గిట్ ఆగి ప్రశ్నించినది. కలుపుచున్న అధికారి, లెక్క పెద్ద ఫైలులో ఉన్నది గదా యని తలచి, చిన్న ఫైలును తీసివేయుడనెను. దానితో యువతి చేసిన దిద్దుబాటు పోయినది. పాత తప్పు పెద్ద ఫైలులో నిలిచినది. ముగ్గురును తమతమ పనిని శ్రద్ధగానే చేసిరి. తప్పు మాత్రము మిగిలినది.

మరల లీపు సంవత్సరము వచ్చినది. సభ్యులు పద్దులు చూచుకొని, ఒక దినపు వడ్డీ ఎక్కువ పడినదని సంఘమును నిలదీసిరి. ఈ తప్పును ఎవరైనను ఎప్పుడైనను చూచిరా యని విచారణ మొదలైనది. చిన్న ఫైలు చరిత్రను మామూలుగా అడిగిరి. సంగమమున ఫైలు లేదు, ప్రధానశాఖలోను లేదు. కావున గిట్ ప్రధానశాఖవెంటనే పోయి, ఫైలు పుట్టుకను, తొలగింపును చూపినది. యువతి నమోదు ప్రక్కపాయలో ఉన్నందున కనబడలేదు. ‘ఎవరును దిద్దలేదు’ అని విచారణ ముగిసినచో ఏమగును? తప్పును ముందే కనిపెట్టి దిద్దినామెకు ఆ మాట దక్కదు. ఏమియు ఎరుగనట్లు ఆమెకూడ నిందలో పాలు పంచుకొనవలసి వచ్చును. దిద్దుబాటు సిద్ధముగా ఉండగనే మరల మొదటినుండి వెదకుట జరుగును. ఆలోగా సభ్యుల డబ్బు తిరిగిరాదు.

భాండారములో సాక్ష్యము ఉన్నది. అడిగిన తీరు సరిపోలేదు.

అడుగవలసిన తీరు

మొదట ఒక చిన్న మెలకువ. లేని ఫైలు పేరును ఊరక వ్రాసినచో, అది ఫైలు పేరో శాఖ పేరో తేల్చుకొనలేక గిట్ తప్పు చూపి ఆగిపోవును. ఆజ్ఞకును ఫైలు పేరునకును నడుమ రెండు అడ్డగీతలను పెట్టినచో, గీతల తరువాతిది ఫైలు పేరని గ్రహించును. ఫైలు ఏ సంచిలో ఉండెనో తెలియక పేరు మాత్రమే తెలిసినయెడల, ముందుభాగమున నక్షత్రపు గుర్తులు పెట్టి వెదకవచ్చును.

రెండవది, ముఖ్యమైనది: ‘ఫుల్ హిస్టరీ’ అను షరతు. దీనిని చేర్చినచో గిట్ సంగమమున ఒక పాయను మాత్రమే ఎన్నుకొనక, అన్ని పాయలవెంటను ఎగువకు పోవును. మన ఉదాహరణములో యువతి నమోదు అప్పుడు బయటపడును. ఇంకను కలుపని శాఖలలోకూడ వెదకవలెనన్నచో ‘ఆల్’ అను షరతును చేర్చవలెను.

మూడవది, సంగమములోపలి మార్పును చూచుట. ఒక్కొక్కప్పుడు రెండు పాయలలోను ఫైలు ఉన్నప్పటికి, కలుపువారు కలుపునప్పుడే దానిని తీసివేయుదురు. గిట్ మామూలుగా సంగమమునకు మార్పుల వివరము చూపదు. ఏ తల్లితో పోల్చి చూపవలెనను ప్రశ్న అందుండుటయే కారణము. కాబట్టి తొలగింపులను మాత్రమే చూపుమని అడిగినను ఇట్టి తొలగింపు జారిపోవును. ‘ఎం’ అను అక్షరపు షరతును చేర్చినచో సంగమమును ఒక్కొక్క తల్లితోను వేరువేరుగా పోల్చి చూపును. ఒక తల్లితో పోల్చినప్పుడు మార్పేమియు కనబడక, రెండవ తల్లితో పోల్చినప్పుడు ‘తొలగింపు’ అని కనబడినచో, ఫైలు పోయిన గట్టు అదియేనని తెలిసినట్లే.

ఈ విషయమున గిట్ సాధనమే కొంతకాలము లోపముతో ఉండెను. ప్రక్కపాయలోని మార్పును సంగమము త్రోసివేసినచో, ‘ఫుల్ హిస్టరీ’ అని అడిగినను మార్పు చేసిన నమోదు కనబడునేగాని, త్రోసివేసిన సంగమము కనబడెడిది కాదు. పుట్టుక తెలియును, చావు తెలియదు. 2013 లో వెలువడిన 1.8.4 కూర్పునుండి ఈ లోపము తీరినది. ఒక్క తల్లితోనైనను భేదించిన సంగమమును అది చూపును. ఫైలునకు జరిగిన ప్రతి మార్పును, ఆ మార్పు సంగమములో ఏమైనదో ఆ సంగతిని, రెండింటిని కలిపి చదువుటకు ఇప్పుడు వీలున్నది.

నాలుగవది, పేరు మార్పు. ఫైలు పేరు మారినప్పుడు గిట్ దానిని పేరు మార్పుగా వ్రాసికొనదు. పాత పేరు పట్టికనుండి పోవును. క్రొత్త పేరు వచ్చి చేరును. తరువాత పోల్చునప్పుడు, పోయినదానికిని వచ్చినదానికిని వ్రాతలో సగమైనను పోలిక యున్నచో, అది పేరు మార్పని ఊహించును. కావున తొలగింపు కనబడినంతనే నిశ్చయింపక, ఆ నమోదులోనే క్రొత్తగా పుట్టిన ఫైళ్లేవియో చూడవలెను. పేరు మరచి, అందలి యొక మాట మాత్రము జ్ఞప్తియందున్నచో, ఆ మాట ఏ నమోదులో చేరెనో, ఏ నమోదులో పోయెనో వెదకు సాధనమొకటి గిట్‌లో కలదు. నేల త్రవ్వు పనిముట్టు పేరిట దానిని ‘పికాక్స్’ అందురు.

తొలగించిన నమోదు దొరికినపిదప ఫైలును తిరిగి తెచ్చుకొనుట సులభము. ఆ నమోదులో ఫైలు లేదు గనుక, దాని తల్లి నమోదును పేర్కొని ‘గిట్ రిస్టోర్’ అను ఆజ్ఞతో తెచ్చుకొనవలెను. అది సంగమమైనచో, ఫైలు ఏ తల్లియందున్నదో ఆ తల్లినే పేర్కొనవలెను. తప్పు తల్లిని అడిగినచో అట్టి ఫైలు లేదనియే సమాధానము వచ్చును.

జాడ చిక్కని చోటులు

ఎంత సరిగా అడిగినను జాడ చిక్కని సందర్భములు కొన్ని కలవు. ప్రక్కశాఖను నిజమైన సంగమముగా కలుపక, అందలి మార్పులన్నింటిని ఒకే ముద్దగా చేసి, ఒక్క నమోదుగా ప్రధానశాఖలో చేర్చు అలవాటు పలుచోట్ల ఉన్నది. దీనిని ‘స్క్వాష్’ అందురు. చిట్టా చూచుటకు శుభ్రముగా ఉండును. కాని ఆ నమోదునకు తల్లి యొక్కటియే. ప్రక్కశాఖకు లంకె తెగిపోవును. ఆ శాఖలో పుట్టి అందులోనే పోయిన ఫైలు ప్రధానశాఖ చరిత్రలో ఎన్నడును ఉండదు. లంకె తెగిన నమోదులను గిట్ కొంతకాలము ఉంచి ఊడ్చివేయును. ఆ యంత్రముమీది కదలికలను వ్రాయు ‘రిఫ్లాగ్’ అను దినచర్యలో అట్టివాని జాడ సామాన్యముగా 30 దినములు మాత్రమే ఉండును.

చిట్టా మొదలైన చోటుకంటె వెనుకకు పోవుటయు సాధ్యముకాదు. 2005 ఏప్రిల్‌లో లినక్స్ వ్రాతను గిట్‌లోనికి తెచ్చినప్పుడు టోర్వాల్డ్స్ పాత చరిత్రనంతయు తేలేదు. అది 3 గిగాబైట్లకు మించునని యెంచి, ఆనాటి 17 వేలకు పైబడిన ఫైళ్లను మాత్రమే మొదటి నమోదుగా చేర్చెను. అంతకుముందటి చరిత్ర వేరు భాండారములలో నున్నది. ఆ మొదటి నమోదు తరువాత జరిగిన తొలగింపులు మాత్రము అందులో భద్రముగా ఉన్నవి. 2012 లో పాత 386 యంత్రములకు తోడ్పడు వ్రాతను లినక్స్‌నుండి తీసివేసిరి. 2018 లో 4.17 కూర్పున, వాడుకలేని ఎనిమిది జాతుల యంత్రముల వ్రాతలను ఒక్కసారిగా తొలగించిరి. నేటి పట్టికలో అవి లేవు. అట్టి పాత యంత్రమును పోషించుకొనువాడు వెదకినచో, చివరి అక్షరమువరకు లభించును.

ఈ భద్రతకు మరియొక ముఖము కలదు. ఎవరైనను తొందరలో రహస్యపు సంకేతపదమును ఒక ఫైలులో వ్రాసి నమోదు చేసి, మరునాడు ఆ ఫైలును తొలగించినచో, రహస్యము తొలగినట్లు కాదు. పాత పట్టిక దానిని చూపుచునే యుండును. పూర్తి ప్రతి తీసికొన్న ప్రతివారియొద్దను అది ఉండును. అట్టిచోట మొదట చేయవలసినది ఆ సంకేతపదమునే మార్చివేయుట. చిట్టాను శుద్ధి చేయుట ఆ తరువాతి మాట. వెదకువానికి మేలు చేయు జ్ఞాపకము, దాచదలచినవానికి చేటు చేయును. యంత్రమునకు ఈ భేదము తెలియదు.

‘లేదు’ అను మాట

తెలుగున ‘లేదు’ అను మాట మిక్కిలి చిన్నది. కాని దానిలో అర్థములు పెక్కు ఇమిడియున్నవి. ఇప్పుడు లేదు అనునది ఒకటి. ఎన్నడును లేదు అనునది రెండవది. వెదకినచోట కనబడలేదు అనునది మూడవది. మామూలుగా అడిగిన ప్రశ్నకు గిట్ ఇచ్చు మౌనము ఈ మూడవదానిని మాత్రమే తెలుపును. దానిని రెండవదానిగా గ్రహించుటవలననే, పైన చెప్పిన సంఘపు విచారణలో వలె, పనిచేసినవారి పేరు మరుగుపడును. సరిదిద్దిన లెక్క మరల తప్పగును.

కావున ఈ పనిలో నున్నవారు రెండు అలవాట్లు చేసికొనుట మేలు. శాఖలను కలుపునప్పుడు ఒక ఫైలును తీయుటకు నిర్ణయించినచో, ఏ కారణమున తీసితిమో సంగమపు నమోదులోనే నాలుగు మాటలు వ్రాయవలెను. దానివలన తరువాత వెదకువారికి పోల్చు పని తగ్గును. రెండవది, ‘ఎవరును చేయలేదు’ అని తీర్పు చెప్పుటకు ముందు అన్ని పాయలవెంటను ఒకమారు ఎగువకు పోయి రావలెను. అందుకు ఆజ్ఞలో ఒకటి రెండు మాటలు అధికముగా వ్రాసిన చాలును. కష్టపడిన మనిషి మాట నిలుపుటకు ఆ శ్రమ ఎక్కువ కాదు.